పెరటి కోళ్ల గూడు: ఏది ఎంచుకోవాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుందామనుకున్నవారు ముందుగా వెతికేది గూళ్ల బొమ్మల కోసం. ఎర్ర రంగు తలుపు, బుల్లి మెట్లు, పెంకుల కప్పు, కిటికీ కింద పూలకుండీ. ముచ్చటగానే ఉంటాయి. కానీ కోడి పగలంతా గూట్లో కూర్చోదు. మట్టి గీకుతూ, దుమ్ములో పొర్లుతూ బయటే గడుపుతుంది. చీకటి పడిందంటే మాత్రం దానికి చూపు సరిగా ఆనదు. కూర్చున్న చోటు నుంచి కదలదు. ఏ జంతువు వచ్చి పట్టుకున్నా తప్పించుకోలేదు. గూడుతో దానికి అసలు పని అప్పుడే పడుతుంది. అందుకే ఏ రెండు గూళ్లను పోల్చినా నేను రెండే ప్రశ్నలు వేస్తాను. ఇందులో కోడికి రాత్రి ఎలా గడుస్తుంది? తెల్లవారాక దీన్ని శుభ్రం చేయడం నాకు ఎంత తేలిక? రంగు, ఆకారం, అలంకారం ఈ రెండింటికీ జవాబు దొరికాక చూసుకోవచ్చు.

ముందు లెక్క తేల్చుకోండి

గూడు ఎంత పెద్దదన్నది కోళ్ల సంఖ్యను బట్టి ఉంటుంది కాబట్టి మొదట అది తేలాలి. మామూలు సైజు పెట్టకు గూటి లోపల 4 చదరపు అడుగులు, గూటికి ఆనుకుని జాలి వేసిన ఆవరణలో 8 నుంచి 10 చదరపు అడుగులు ఉండేలా చూసుకోవడం మంచిది. బాంటమ్ లాంటి పొట్టి జాతులకు ఇందులో సగం చాలు. పగలంతా పెరట్లో స్వేచ్ఛగా తిరిగే కోళ్లకు లోపల కాస్త ఇరుకైనా ఫరవాలేదు. ఎప్పుడూ జాలి లోపలే ఉండాల్సినవాటికి మాత్రం జాగా తగ్గించకండి. ఇరుకులో ఉన్న కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఈకలు పీక్కుంటాయి. ఒకసారి రక్తం కనబడిందంటే మిగతావన్నీ ఆ కోడినే లక్ష్యం చేసుకుంటాయి. ఈ అలవాటు పడ్డాక మాన్పించడం చాలా కష్టం.

కోడి గుంపులో బతికే పక్షి కనుక మూడింటికి తక్కువగా పెంచకండి. గుడ్ల కోసం పుంజు అక్కర్లేదు, పిల్లలు కావాలంటేనే దానితో పని. ఇంకో మాట: ఇప్పుడు నాలుగు కోళ్లే అనుకున్నా గూడు ఆరింటికి సరిపడా కట్టండి. రెండు మూడేళ్లు గడిచేసరికి పెట్టలు గుడ్లు తగ్గిస్తాయి. పాతవాటిని వదులుకోలేరు, కొత్తవి తెచ్చుకోకా మానరు.

రెడీమేడా, పాత షెడ్డా, కొత్తగా కట్టడమా, జరిపే గూడా?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. నాలుగింటికీ తగిన సందర్భాలు ఉన్నాయి.

విడిభాగాలుగా కొనుక్కుని బిగించుకునే రెడీమేడ్ గూడు ఒక్క పూటలో నిలబడుతుంది. సుత్తి పట్టడం అలవాటు లేనివారికి అదే పెద్ద ఊరట. అయితే పెట్టె మీద “ఆరు కోళ్లకు” అని రాసి ఉంటే నమ్మకుండా కొలతలు చూసి మీరే లెక్క కట్టండి. చాలాసార్లు అందులో హాయిగా పట్టేవి మూడే. చెక్క పల్చగా ఉంటుంది, గడియలు బలహీనంగా ఉంటాయి, జాలిని చిన్న పిన్నులతో అతికించి ఉంటారు. ఇలాంటిది కొన్నా గడియలు మార్చడానికీ జాలి మళ్లీ బిగించడానికీ కొంత డబ్బు పక్కన పెట్టుకుని కొనండి. అది కూడా కలిపి చూస్తే కొన్నిసార్లు సొంతంగా కట్టుకోవడమే చౌక.

పెరట్లో వాడకుండా పడి ఉన్న పాత షెడ్డో సామాన్ల గదో ఉంటే, నా దృష్టిలో అంతకు మించిన అవకాశం లేదు. మనిషి నిలబడే ఎత్తు, గట్టి కప్పు, గోడలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. గోడల పైభాగంలో గాలి కిటికీలు తెరిచి జాలి వేయడం, కోళ్లు కూర్చునే కర్రలు బిగించడం, గుడ్ల పెట్టెలు అమర్చడం, ఇంతే పని. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పాత గోడలకు, చెక్కలకు సీసం కలిసిన రంగు వేసి ఉండవచ్చు. కోళ్లు పెచ్చులూడిన రంగును పొడుచుకు తింటాయి, ఆ సీసం గుడ్లలోకీ చేరుతుంది. అలాగే కప్పుకు ఉన్నవి పాత ఆస్‌బెస్టాస్ రేకులైతే వాటిని కోయకండి, రంధ్రాలు చేయకండి. అందులోంచి రేగే సన్నటి పీచు ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఒక చోట కదలకుండా ఉండే గూడును కొత్తగా కట్టుకోవడం కాస్త ఓపిక ఉన్నవారికి మంచి దారి. కోరుకున్న కొలతలు, కోరుకున్న గాలి, మీ నడుముకు అనువైన ఎత్తు అన్నీ మీ చేతుల్లో ఉంటాయి. వీలైతే మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగేలా కట్టండి. వంగి, పాక్కుంటూ ఊడ్వాల్సిన గూటిని మొదటి నెల శ్రద్ధగా ఊడుస్తారు. తర్వాత వారానికోసారి, ఆపైన ఎప్పుడో ఒకసారి. అంత ఎత్తు కుదరకపోతే ఒక గోడ మొత్తం తలుపులా తెరుచుకునేలా పెట్టుకోండి.

ఇక చక్రాల మీద జరిపే గూడు. అడుగున నేల తెరిచి ఉంటుంది, రోజూ కొద్ది కొద్దిగా ముందుకు లాగుతారు. కోళ్లకు ప్రతి రోజూ కొత్త గడ్డి, కొత్త పురుగులు దొరుకుతాయి. రెట్ట ఒకే చోట పేరుకోదు, నేల సారవంతమవుతుంది. అలా తిప్పుతూ నేలకు విరామం ఇస్తే పేగు పురుగుల బెడద కూడా తగ్గుతుంది. చదునైన పచ్చిక, మూడు నాలుగు కోళ్లు ఉన్నచోట ఇది చక్కగా పని చేస్తుంది. కానీ రోజూ జరపాల్సిందే. జరపడం మానేస్తే పది రోజుల్లో అక్కడ గడ్డి పోయి బురద మిగులుతుంది. ఎగుడుదిగుడు నేల మీద అంచుల కింద సందులు ఏర్పడతాయి. తవ్వే జంతువులు తిరిగే చోట ఇది రాత్రి కాపలాకు చాలదు. ఇంట్లో అందరికన్నా బలం తక్కువ ఉన్నవారు ఒక్కరే లాగగలరా అని చూసి నిర్ణయించుకోండి, ఎందుకంటే ఏదో ఒక రోజు ఆ పని వారి మీదే పడుతుంది.

చెక్క, ఇటుక, ప్లాస్టిక్

చెక్క కోయడం తేలిక, మార్చుకోవడం తేలిక, ఎండకు మరీ వేడెక్కదు. దాని అసలు బలహీనత చెదలో తడో మాత్రమే కాదు, సందులు. పగలు చెక్క పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి కోళ్ల రక్తం పీల్చే ఎర్ర నల్లులు, అంటే రెడ్ మైట్లు, తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు. ఇవి ఉన్నాయో లేదో పగలు చూస్తే తెలియదు. చీకటి పడ్డాక టార్చి తీసుకుని వెళ్లి, తెల్ల గుడ్డతో కూర్చునే కర్ర అడుగు భాగాన్ని, అది గోడలో కూర్చునే గాడిని గట్టిగా తుడవండి. గుడ్డ మీద ఎర్రటి మరకలు పడితే అవి ఉన్నట్టే. ఆ మరక కోడి రక్తం. అందుకే చెక్క గూడు కట్టేవారు కర్రలను మేకులతో శాశ్వతంగా బిగించకుండా, పైకెత్తితే ఊడి వచ్చేలా గాడిలో కూర్చోబెట్టాలి. బయటికి తీసి ఎండలో పెట్టి, గాడిని శుభ్రం చేసుకోవచ్చు.

ప్లాస్టిక్ గూళ్లలో ఈ బెడద తక్కువ. నీళ్ల పైపుతో కడిగితే అరగంటలో ఆరిపోతాయి. కానీ ఖరీదు ఎక్కువ, మార్పులు చేసుకోలేం, ఎండ తీవ్రంగా ఉండే చోట లోపల ఉక్కపోస్తుంది. ఇటుక గోడ ఎలుకలకు, కుక్కలకు లొంగదు, తరాలపాటు నిలుస్తుంది. చోటు మార్చాలంటే మాత్రం కూల్చడమే. స్థలం మీ సొంతమై, గూడు అక్కడే ఉండాలని నిశ్చయించుకున్నాకే దాని జోలికి వెళ్లండి. లేదంటే కింద రెండు అడుగులు ఇటుక గోడ, ఆ పైన చెక్క చట్రం, జాలి పెట్టుకోవచ్చు. వేడి ప్రాంతాలకు నేను మొదట చెప్పేది ఈ కలగలుపు పద్ధతే.

జాలి దగ్గర పొదుపు చేయకండి

కోళ్ల జాలి అని అమ్మే ఆరు కోణాల కన్నుల సన్న తీగ వల కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది. బయటి జంతువు లోపలికి రాకుండా అది ఆపలేదు. కుక్క పళ్లతో లాగితే చిరిగిపోతుంది, కన్నులు పెద్దగా ఉంటే ముంగిస లాంటి సన్నటి జంతువులు వాటిలోంచే దూరగలవు. ఆ పక్కనే దొరికే అర అంగుళం చదరపు కన్నుల వెల్డ్ మెష్ ఖరీదు ఎక్కువే. అయినా గూటి గాలి కిటికీలన్నింటికీ, కోళ్లు రాత్రి ఉండే ప్రతి చోటికీ అదే వేయండి. డబ్బు చాలకపోతే పగలు మాత్రమే తిరిగే ఆవరణ పైభాగానికి, గద్దలను ఆపడానికి, చవక వల వాడుకోండి. కింది మూడు అడుగులకు మాత్రం గట్టి మెషే ఉండాలి. చిట్టెలుకలు అర అంగుళంలోంచి కూడా దూరతాయి కాబట్టి దాణా నిల్వను గూట్లో ఉంచకుండా మూత బిగుతైన డబ్బాలో పెట్టుకోవాలి.

కొనేటప్పుడు ఒకటి గమనించండి. తీగలను ముందు వెల్డింగ్ చేసి ఆ తర్వాత జింకు పూత పూసిన మెష్ ఎక్కువ కాలం మన్నుతుంది. పూత పూసిన తీగలను తర్వాత వెల్డింగ్ చేస్తే అతుకుల దగ్గర పూత కాలిపోయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. బిగించడంలో కూడా తేడా ఉంది. పిన్నులు కొడితే ఒక గట్టి గుంజుడుకు వరసగా ఊడి వస్తాయి. మెష్ అంచు మీద సన్నటి చెక్క పట్టీ పెట్టి స్క్రూలు వేయండి, లేదా ప్రతి స్క్రూ కింద వెడల్పు వాషర్ పెట్టండి.

తవ్వుకుని వచ్చే జంతువులకు రెండు అడ్డుకట్టలు ఉన్నాయి. జాలిని గోడ వెంట అడుగు లోతు పాతిపెట్టడం ఒకటి. గోడ మొదట్లో నుంచి బయటివైపు నేల మీద అడుగున్నర వెడల్పున పరిచి, రాళ్లతో అణచడం ఇంకొకటి. రెండోదే నాకు ఎక్కువ నచ్చుతుంది. తవ్వే జంతువు సరిగ్గా గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, కాళ్ల కింద జాలి తగిలి ఆగిపోతుంది. వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. కందకం తవ్వే శ్రమ కూడా మిగులుతుంది.

తలుపుకు ఉత్త కొక్కెం చాలదు. ఎత్తి, పక్కకు జరిపితేనే తెరుచుకునే గడియ, దానికో క్లిప్పు ఉండాలి. సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వచ్చేవారికి టైమరుతోనో వెలుతురును బట్టో దానంతట అదే మూసుకునే తలుపు మంచి ఆసరా. అయితే ఏదైనా కోడి బయటే ఉండిపోయిందా అన్నది యంత్రం చూడదు. అది ఉన్నా రాత్రి ఒకసారి వెళ్లి లెక్క పెట్టడం మానకూడదు.

గాలి

కట్టేవారు ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే. చలికి, వానకు భయపడి గూటిని పెట్టెలా మూసేస్తారు. కోడి రెట్టలో అధిక భాగం నీరే. దానికి రాత్రంతా అవి వదిలే ఊపిరిలోని తేమ తోడవుతుంది. రెట్ట కుళ్లి అమోనియా పుడుతుంది. కళ్లు మండుతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, జలుబులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చలి ప్రాంతాల్లో తల మీది ఎర్ర జుట్టు, గొంతు కింది తమ్మెలు మంచుకు కమిలిపోవడంలోనూ ఉత్త చలి కంటే తేమ పాత్రే ఎక్కువ. పొడిగా ఉన్న కోడి ఈకలు ఉబ్బించుకుని చలిని బాగానే తట్టుకుంటుంది.

చల్లని చోట గాలి దారులు గోడల పైభాగంలో, కూర్చున్న కోళ్ల తలల కంటే ఎత్తులో, ఎదురెదురుగా పెట్టండి. తేమ పైనుంచి పోతుంది, ఈదురుగాలి నేరుగా వాటి మీద కొట్టదు. వేడి ప్రాంతంలో ఇంకా ధైర్యంగా తెరవండి. ఒక గోడ గట్టిగా ఉండి, మిగతా మూడూ సగం పైన జాలిగా ఉన్నా తప్పులేదు. వాన జల్లుకు చుట్టే తెర ఉంటే చాలు. కోడి శరీర ఉష్ణోగ్రతే దాదాపు 41 డిగ్రీల సెల్సియస్, దానికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఎత్తి పట్టుకోవడం, ఇవే దాని దారులు. చలి కన్నా ఎండే దానికి పెద్ద శత్రువు. వెచ్చదనం కోసం గూట్లో బల్బులు, హీటర్లు పెట్టడం నేను ఎవరికీ చెప్పను. ఎండిన పొట్టు, దుమ్ము, వేడి బల్బు ఒకచోట ఉంటే నిప్పు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

గాలి చాలుతోందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. తెల్లవారుజామున తలుపు తీసీ తీయగానే మీ తల కోళ్లు కూర్చునే ఎత్తుకు వంచి ఊపిరి పీల్చండి. ముక్కు ఘాటెక్కితే రాత్రంతా అవి పీల్చింది ఆ గాలే. కప్పు అడుగున చెయ్యి పెట్టి చూడండి. నీటి బొట్లు తగిలితే పైభాగంలో ఇంకో కిటికీ తెరవాలి.

కప్పు, నేల

కప్పుకు ఇనుప రేకు నా మొదటి ఎంపిక. తేలిక, మన్నిక, పురుగులు దాగడానికి చోటు లేకపోవడం దాని గుణాలు. ఎండకు కాలుతుంది కనుక పైన తెల్ల రంగు వేయండి, లేదా గూటిని చెట్టు నీడన పెట్టండి. తాటాకు, గడ్డి కప్పు చల్లగా ఉంటుంది గానీ ఎలుకలకు, పాములకు ఆశ్రయమిస్తుంది, కొన్నేళ్లకోసారి మార్చాలి. తారు షీట్ల కింద నల్లులు చేరితే వాటిని వదిలించడం దాదాపు అసాధ్యం. ఏ కప్పైనా గోడ దాటి కనీసం అడుగు ముందుకు రావాలి.

నేల విషయంలో ఒక్క మాట ముందుగా: గూడు పెట్టేది నీరు నిలవని మెరక మీదే. పల్లంలో పెడితే ఎంత మంచి నేల వేసినా వృథా. మట్టి నేల ఖర్చు లేనిది, కోళ్లకు ఇష్టమైనది, కానీ తవ్వే జంతువులకు తెరిచిన దారి. సిమెంటు నేలకు ఎలుకల భయం లేదు, కడగడం సులువు. గట్టిగా ఉంటుంది కాబట్టి పైన పొట్టు మందంగా వేయాలి. కాళ్ల మీద లేపిన చెక్క నేల తడి ప్రాంతాలకు బాగుంటుంది. అడుగున్నర, రెండు అడుగులైనా లేపండి. కింద కోళ్లకు నీడ దొరుకుతుంది. తక్కువ ఎత్తులో కడితే ఆ చీకటి సందులో ఎలుకలు కాపురం పెడతాయి. రెట్ట కింద పడిపోతుందని నేలంతా తీగ జాలితో వేసే పద్ధతి పెరటి కోళ్లకు నాకు నచ్చదు. బరువైన జాతులకు పాదాల అడుగున ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.

పరిచేది వరి ఊకైనా, రంపపు చెక్క పొట్టైనా మంచిదే. మరీ పిండిలా ఉన్న రంపపు పొడి వద్దు, దేవదారు జాతి చెక్కల ఘాటైన పొట్టు కూడా వద్దు. రోజూ ఎత్తిపోసే వీలు లేనివారు డీప్ లిట్టర్ పద్ధతి పాటించవచ్చు. 4 నుంచి 6 అంగుళాల మందంతో మొదలుపెట్టి, తరచూ గుల్లగా తిరగేస్తూ, పైన కొత్త పొట్టు చల్లుతూ ఉంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు మొత్తం తీస్తే సరిపోతుంది. తీసినదాన్ని మాగబెడితే మొక్కలకు మంచి ఎరువు. పొడిగా ఉందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదలండి. ముద్ద కట్టి అలాగే ఉంటే తడి ఎక్కువైంది. వదలగానే మెల్లగా విడిపోతే సరిగ్గా ఉంది. ముద్ద కడుతున్నా పట్టించుకోకపోతే ఈ పద్ధతి రోగాల పుట్ట అవుతుంది. నిర్లక్ష్యం చేస్తామన్న అనుమానం ఉంటే, కూర్చునే కర్ర కింద ఒక పలక అమర్చి రోజూ దాన్ని గీరేయడం మేలు. రాత్రి రెట్టంతా దాని మీదే పడుతుంది, పని రెండు నిమిషాలే.

కర్రలు, గుడ్ల పెట్టెలు

కూర్చునే కర్రకు ఒక్కో కోడికి 8 నుంచి 10 అంగుళాలు ఇవ్వండి. సన్నటి గుండ్రటి కర్ర కన్నా రెండు మూడు అంగుళాల వెడల్పుండి, అంచులు నున్నగా చెక్కిన పట్టె మంచిది. చలిలో కోడి దాని మీద కూర్చుని పాదాలను పొట్ట ఈకల కింద దాచుకోగలదు. నిచ్చెనలా మెట్లు మెట్లుగా పెడితే పై మెట్టు కోసం ప్రతి సాయంత్రం గొడవ పడతాయి. జాగా ఉంటే అన్నీ ఒకే ఎత్తున పెట్టండి. బరువైన జాతులకు రెండు అడుగుల ఎత్తు దాటనివ్వకండి.

గుడ్ల పెట్టె అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు. ఎన్ని పెట్టినా అన్నీ ఒకదాంట్లోకే ఎగబడతాయి. ఈ పెట్టెలు కూర్చునే కర్ర కంటే తప్పనిసరిగా కిందే ఉండాలి. కోళ్లు అన్నిటికన్నా ఎత్తైన చోటే నిద్రపోతాయి కనుక పెట్టె పైనుంటే అందులోనే పడుకుని రెట్ట వేస్తాయి. బయటి నుంచి మూత ఎత్తి గుడ్లు తీసుకునే ఏర్పాటు సౌకర్యమే గానీ, ఆ మూత కూడా జంతువులకు ఒక తలుపే. దానికీ గట్టి గడియ పెట్టండి.

నీటికి తెరిచిన గిన్నె కన్నా నిపుల్ డబ్బా, అంటే కోడి ముక్కుతో పొడిస్తే చుక్కలుగా నీరు వచ్చే డబ్బా, శుభ్రం. కోడి మామూలుగా రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది, ఎండల్లో దానికి రెట్టింపు. నీటిని గూటి బయట ఆవరణలో పెడితే లోపల పొట్టు తడవదు.

మీకు ఏది?

అద్దె ఇంట్లో ఉండి, మూడు కోళ్లతో మొదలుపెట్టేవారు మంచి గడియలు వేసిన రెడీమేడ్ గూడు కొనుక్కోవచ్చు, లేదా విప్పి తీసుకెళ్లగల చెక్క గూడు కట్టుకోవచ్చు. విశాలమైన పచ్చిక, రోజూ పొద్దున సమయం ఉన్నవారికి పగలు జరిపే గూడు, రాత్రికి గట్టి గూడు కలిపి పెట్టుకుంటే అన్నిటికన్నా బాగుంటుంది. పెరట్లో షెడ్డు ఉంటే, రంగు, రేకుల గురించి పైన చెప్పిన జాగ్రత్తలు తీసుకుని దాన్నే మార్చుకోండి. సొంత స్థలంలో ఆరు, ఎనిమిది కోళ్లు పెంచేవారు నడిచి వెళ్లే ఎత్తున స్థిరంగా కట్టుకోండి. డబ్బు పరిమితమైతే వాడేసిన చెక్క, పాత తలుపు, రంగు లేని గోడ ఏదైనా సరే గానీ, మెష్, గడియలు మాత్రం కొత్తవి కొనండి. మొదలుపెట్టే ముందు మీ ప్రాంతంలో పెరటి కోళ్లకు అనుమతి ఉందా, పొరుగింటి సరిహద్దుకు ఎంత దూరం వదలాలి అన్నది స్థానిక సంస్థలో కనుక్కోండి. నియమం లేకపోయినా పొరుగువారి పడకగది కిటికీకి దూరంగా కట్టండి.

గూడు సిద్ధమయ్యాక కొత్త కోళ్లను ఒక వారం పాటు గూట్లో, జాలి ఆవరణలోనే ఉంచండి. అప్పటికి అదే తమ ఇల్లని వాటికి అలవాటవుతుంది. తర్వాత మొదటిసారి బయటికి వదిలేది పొద్దు వాలడానికి గంట ముందు, కడుపునిండా మేత వేయకుండా. చీకటి పడే వేళకు వాటంతటవే లోపలికి వెళ్తాయి. ఏదైనా కోడి గూటి కప్పు మీదో చెట్టు మీదో ఎక్కి కూర్చుంటే పూర్తిగా చీకటి పడనిచ్చి, రెండు చేతులతో నెమ్మదిగా తీసి కర్ర మీద పెట్టండి. నాలుగైదు రాత్రులు ఇలా చేస్తే ఆ తర్వాత అదే వెళ్లి కూర్చుంటుంది.